‘ఇక చాలు’ అనడం దానికి రాదు

(విశాఖపట్నంలో కొండలెక్కే మిత్రుల ఆదివారం కూడికలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారమండి. వెనక వాళ్లకి వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినప్పుడు “కుక్కతో కొండెక్కడం ఎలాగో ఒక అరగంట చెప్పండి” అన్నారు. ఎక్కడం గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కుక్క ఎక్కేస్తుంది. మనకంటే ముందే పైకి వెళ్లి, ఆయాసపడుతూ వస్తున్న మనల్ని చూసి తోకూపుతుంది. నేను ఈ అరగంటా దిగడం గురించే మాట్లాడతాను. అంటే, దాన్ని ఎప్పుడు వెనక్కి తిప్పాలి అని.

కుక్కతో కొండెక్కినవాళ్లలో మనకు తెలిసిన మొదటివాడు ధర్మరాజు. మహాప్రస్థానంలో ద్రౌపది పడిపోయింది, తమ్ముళ్లు నలుగురూ ఒకరి తరవాత ఒకరు పడిపోయారు, కుక్క మాత్రం చివరిదాకా వచ్చింది. కుక్కలు పెంచేవాళ్లం ఈ కథ చాలా గొప్పగా చెప్పుకుంటాం. ఒక్క ముక్క మాత్రం మింగేస్తాం. ఆ కుక్క సాక్షాత్తూ యమధర్మరాజు. మీ ఇంట్లో ఉన్నది లాబ్రడార్. (నవ్వులు)

మా ఇంట్లోదీ లాబ్రడారే. పేరు బ్రూనో. ఏడేళ్ల కిందటి మాట చెబుతాను. అప్పుడు వాడికి నాలుగేళ్లు, 32 కిలోలు, మంచి దిట్టంగా ఉండేవాడు. ఫిబ్రవరి ఆఖరి వారం. ఎస్.కోట దాటి, అరకు ఘాట్ మొదలయ్యే దగ్గర ఒక కొండ. పెద్ద ఎత్తేం కాదు, మీలో సగం మంది దాన్ని కొండ అని కూడా అనరు. నలుగురు మనుషులం, ఒక కుక్క. తెల్లారగట్ల బయల్దేరాలని ముందు రోజు రాత్రి గట్టిగా అనుకున్నాం. దారిలో ఇడ్లీ తిని పోదాం అన్నాడొకడు. ఇడ్లీ అయ్యాక కాఫీ. కొండ కింద కారు ఆపేసరికి తొమ్మిదిన్నర. అసలు తప్పు అక్కడే జరిగిపోయింది. మిగిలిందంతా దాని వడ్డీ.

పైకి వెళ్లేటప్పుడు బ్రూనో అందరికంటే ముందున్నాడు. దిగడం మొదలుపెట్టేసరికి పదకొండున్నర. అప్పుడు చూస్తే ప్రతి పొద దగ్గరా ఆగుతున్నాడు. వాసన చూస్తున్నాడనుకున్నాను. వాసన కాదండీ, నీడ. ఆ పొద మొదట్లో జానెడు నీడ ఉంటే, అందులో తల పెడుతున్నాడు. నేను “రారా, ఆలస్యమవుతోంది” అని తాడు లాగాను. రెండు మూడు సార్లు లాగాను. ఇంకాసేపటికి నాలుక చివర గరిటెలా వెడల్పయింది, రంగు ఇటుక రంగుకొచ్చింది, చొంగ జిగటగా తీగలు సాగుతోంది. తరవాత వెనక కాళ్లు తాగినవాడి కాళ్లలా తేలిపోయి, కూలబడ్డాడు. నేనప్పటికి నాలుగు బారలు ముందున్నాను. వెనక్కి తిరిగి “బ్రూనో” అన్నాను. తోక ఊపాడు. లేచాడు. నాలుగడుగులు వేశాడు. మళ్లీ పడిపోయాడు.

ఆ నాలుగడుగుల గురించే నేనివాళ వచ్చింది. మనిషైతే గంట ముందే “నా వల్ల కాదు, మీరు పోయిరండి, నేనీ చెట్టు కింద కూచుంటా” అనేవాడు. ప్రతి గుంపులో అలాంటివాడు ఒకడుంటాడు, మనం వాణ్ణి ఏడిపిస్తాం కూడా. నిజానికి గుంపు మొత్తాన్ని కాపాడేది వాడే. కుక్కకి ఆ మాట రాదు. నువ్వు నడుస్తున్నంతసేపూ నడుస్తుంది. నువ్వు పిలిస్తే, లేవలేని స్థితిలో కూడా లేస్తుంది. కాబట్టి ‘ఇక చాలు’ అనే మాట దాని తరఫున మనమే అనాలి, అదీ గంట ముందుగా అనాలి.

ఎందుకలా అవుతుందో రెండు మాటల్లో చెబుతాను. మనకి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకి చెమట గ్రంథులు అరికాళ్లలో తప్ప పెద్దగా లేవు, వాటితో ఒళ్లు చల్లబడేది అంతంతమాత్రం. అది చల్లబడేది రొప్పడం వల్ల. నాలుక మీద, ముక్కులో, నోట్లో ఉన్న తడి ఆవిరైతేనే వేడి బయటికి పోతుంది. ఇప్పుడు మన విశాఖ గాలి సంగతి ఆలోచించండి. ఉతికిన బట్టలు సాయంత్రానికి కూడా ఆరవు కదా! అలాంటి ఉక్కలో కుక్క నాలుక మీది తడి మాత్రం ఎలా ఆరుతుంది? అందుకే ఒక్క ఎండను చూసి లెక్క వేసుకోకూడదు. మబ్బు పట్టి, గాలాడకుండా ఉన్న రోజు కూడా అంతే ప్రమాదం. కుక్కకి వడదెబ్బ అనగానే మనకి కారులో వదిలేసి అద్దాలు ఎత్తేసిన కేసులే గుర్తొస్తాయి. కార్లో వదిలేయడం ఘోరమే, సందేహం లేదు. కానీ బ్రిటన్‌లో పశువైద్యుల రికార్డులు తిరగేసి చూస్తే, నడక వల్లా పరుగు వల్లా వచ్చిన వడదెబ్బలే వాటికంటే చాలా ఎక్కువని తేలింది. అంత చల్లటి దేశంలో!

సరే, బ్రూనో దగ్గరికొద్దాం. మా అదృష్టం, కింద గెడ్డలో నీళ్లున్నాయి. నా చొక్కా విప్పి వాడి పొట్ట కింద వేసి, ఇద్దరం చెరో వైపు పట్టుకుని మోసుకెళ్లాం. పొట్ట మునిగేదాకా నీళ్లలో కూచోబెట్టి, తల పైకి పట్టుకుని, వీపు మీద దోసిళ్లతో పోశాం. ఒకడు టోపీతో విసురుతూనే ఉన్నాడు. రొప్పడం కాస్త నెమ్మదించాక కారెక్కించాం. డాక్టరు దగ్గరికి చేరడానికి గంటన్నర పైనే పట్టింది. అప్పటికి కూడా జ్వరం 104 ఉంది. కుక్కకి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారిన్‌హీట్ దాకా ఉంటుంది, 105 దాటితే లోపల అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. డాక్టరుగారు అన్నది ఒకటే మాట: “చల్లార్చకుండా నేరుగా తెచ్చుంటే దారిలోనే పోయేవాడు.” కాబట్టి ముందు నీళ్లు, తరవాత కారు. దగ్గరున్న నీళ్లు ఏవైనా సరే, తాగే నీళ్లయినా సరే, ఒంటి మీద పోసి విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, కాసేపటికి అదే దుప్పటై వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లేచి తోకూపినా సరే, డాక్టరుకి చూపించాల్సిందే. కిడ్నీలు, రక్తం గడ్డకట్టే గుణం, వీటి సంగతి ఒకటి రెండు రోజుల తరవాత బయటపడుతుంది. మావాడికి మూడు రోజులు సెలైన్ ఎక్కించారు.

ఆ తరవాత నా పద్ధతి మారింది. ఇప్పుడు నేను పైకి ఎంతసేపు వెళ్లాలని కాకుండా, కారు దగ్గరికి ఎన్నింటికి తిరిగి రావాలి అని లెక్క మొదలుపెడతాను. చలికాలంలో తొమ్మిదిన్నరకి కుక్క కారు దగ్గర ఉండాలి. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటే, కొన్నిసార్లు చీకట్లోనే బయల్దేరాలి, కొన్నిసార్లు కొండ సగంలోనే తిరిగి రావాలి. మార్చి వచ్చిందంటే మైదానం దగ్గర కొండలకి కుక్కని తీసుకెళ్లను. పాడేరు, లంబసింగి వైపు ఎత్తుల్లో అయితే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది.

రాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఇంటర్నెట్‌లో అరచెయ్యి తిరగేసి 7 సెకన్లు నేల మీద పెట్టి చూడమంటారు. అది మంచి పరీక్షే. మనకి ఇంకా తేలికైనది ఉంది. మిట్టమధ్యాహ్నం గుడిలో ప్రదక్షిణ చేశారా ఎప్పుడైనా? గోనెపట్టా పరిచిన చోటు కోసం గంతులేస్తూ పరిగెడతాం చూడండి. చెప్పులు విప్పి ఆ బండ మీద నిలబడండి. మీరు నిలబడగలిగితే కుక్కని నడిపించండి.

నీళ్ల సంగతి. ఇంట్లో ఊరికే పడుకున్న కుక్కకే రోజుకి కిలోకి 50, 60 మిల్లీలీటర్లు కావాలి. 25 కిలోల కుక్కకి లీటరున్నర దాకా అన్నమాట. కొండ మీద అంతకు మించి. అంటే మీ సీసాలో మిగిలింది పోయడం కాదు, దాని నీళ్లు దానికి వేరే మొయ్యాలి. దారిలో గుంట కనబడితే తాగుతుందిలే అనుకోకండి. పశువులు, ఎలుకలు మూత్రం పోసిన నిలవ నీళ్లలో లెప్టోస్పైరోసిస్ సూక్ష్మజీవి ఉంటుంది. అది కుక్క నుంచి మనకీ వస్తుంది. ఏటా వేయించే కలిపిన టీకాల్లో దానికీ ఉందో లేదో మీ డాక్టర్ని అడిగి చూసుకోండి. ఇక తిండి: మనం కొండ మీద నమిలే డ్రైఫ్రూట్స్ పొట్లంలో కిస్మిస్ ఉంటుంది. అది కుక్క కిడ్నీలని చంపేస్తుంది. చాక్లెట్టూ అంతే, విషం. కుంటుతోంది కదా అని మనం వేసుకునే నొప్పి మాత్ర అస్సలు వేయకండి.

ఇప్పుడు తాడు గురించి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అందరూ ఒప్పుకుంటారు, ఎవరూ కట్టరు.

బ్రూనో తరవాత మా ఇంటికి చిట్టి వచ్చింది. నాటు కుక్క, మా వీధిలోదే. దానికి ఏడాది వయసప్పుడు పాడేరు వైపు ఒక ఊరి మీదుగా కొండెక్కుతున్నాం. ఊరు దాటేశాం కదా అని తాడు విప్పాను. దాటలేదు, ఆఖరి ఇల్లు ఒకటి మలుపు అవతల ఉంది. అరుపు వినబడేసరికే అయిపోయింది. చిట్టి నోట్లో కోడిపెట్ట, వాకిట్లో ఒక ముసలమ్మ, చుట్టూ చెల్లాచెదురుగా కోడిపిల్లలు. నేను సిగ్గుతో చచ్చిపోయి, పర్సు తీసి, “ఎంతవుతుందో చెప్పమ్మా, ఇచ్చేస్తాను” అన్నాను. ఆవిడ డబ్బు వైపు చూడలేదు. “కోడికి డబ్బులిస్తావు బాబూ. ఈ పిల్లల్నెవరు తిప్పుతారు?” అంది. పదకొండు పిల్లలు. లెక్కపెట్టాను. గద్ద వస్తే వాటిని రెక్కల కింద దాచుకునేది చిట్టి నోట్లో ఉంది. చివరికి ఆవిడ డబ్బు తీసుకుంది, నేను అడిగినందుకు కాదు, వాళ్లబ్బాయి తీసుకోమంటే. మళ్లీ నెలకి వెళ్లినప్పుడు అడిగాను. నాలుగు మిగిలాయట.

అప్పట్నుంచీ తాడు చేతిలోంచి వదల్లేదు. మనం సరదాగా పోయే ఆ కొండలు ఒకళ్ల వాకిళ్లు. కోళ్లు, మేకలు, కాఫీ తోటలో ఎండబోసిన గింజలు, అన్నీ వాళ్ల బతుకు. మీ కుక్క ఎంత మంచిదైనా దానికది తెలియదు. ఊరి కుక్కలు కూడా తమ ఊరిని కాస్తాయి, అది వాటి ఉద్యోగం. నాలుగు కుక్కలు చుట్టుముడితే మీ కుక్కని ఎత్తుకుని పరిగెత్తకండి, దాన్ని మీకు అవతలి వైపు ఉంచుకుని నెమ్మదిగా ఊరు దాటండి. కాటు పడితే సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడగండి, రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నా సరే మళ్లీ డాక్టరు దగ్గరికెళ్లండి. మీక్కూడా పన్ను గీరుకుని ఉంటే మీరూ వెళ్లండి.

ఆ తాడుని నడుముకి కట్టుకునేవాళ్లున్నారు. ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది. దిగేటప్పుడు మాత్రం విప్పి చేత్తో పట్టుకోండి. ఉడత కనబడి అది ఒక్క లాగు లాగితే, ముందు మీ మోకాళ్లు, తరవాత మీ పళ్లు. (నవ్వులు) మెడ పట్టీ కన్నా ఛాతీకి వేసే హార్నెస్, వీపు మీద పిడి ఉన్నది, కొండకి మంచిది. బండ ఎక్కించాలంటే సూట్‌కేసులా ఎత్తొచ్చు.

చిరుత గురించి అడుగుతారని తెలుసు. మన కనుమల్లో చిరుతలున్నాయి. చిరుతకి కుక్క ఇష్టమైన తిండి. ఇది ఊహ కాదు, మహారాష్ట్రలో అప్పటి అహ్మద్‌నగర్, ఇప్పటి అహిల్యానగర్ జిల్లా పొలాల్లో తిరిగే చిరుతల పెంటికలు పరీక్షిస్తే, వాటి తిండిలో అన్నిటికంటే పెద్ద వాటా ఊరి కుక్కలదే అని తేలింది. హిమాచల్‌లో గద్దీ గొర్రెల కాపరులు తమ కుక్కల మెడకి ఇనుప ముళ్ల పట్టీలు కడతారు. అది అలంకారం కాదు, చిరుత పట్టేది మెడనే కాబట్టి. అందుకని తెల్లవారుజామున, మునిమాపు వేళ కుక్క మీ కాలి పక్కనే ఉండాలి, పది గజాలు ముందు కాదు. రాత్రి గుడారం వేస్తే లోపల పడుకోబెట్టండి, బయట కాపలాకి కట్టేయకండి. దాన్ని ఎర వెయ్యడం అంటారు. ఎలుగుబంటిది ఇంకో తీరు. వదిలేసిన కుక్క దాన్ని మొరిగి రెచ్చగొడుతుంది, అది తరిమితే ప్రాణభయంతో నేరుగా మీ దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, వెనకాల ఎలుగుని వెంటబెట్టుకుని.

అసలు కంబాలకొండ లాంటి అభయారణ్యాల్లోకి, పాపికొండల లాంటి జాతీయ పార్కుల్లోకి కుక్కని తీసుకెళ్లనే కూడదు. “మా కుక్క ఎవర్నీ ఏమీ అనదండీ” అని గేటు దగ్గర గొడవపడేవాళ్లని చూశాను. అది కరవడం గురించి కాదు ఆ నిబంధన. 2018లో గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయాయి, పరీక్షిస్తే కొన్నింటిలో కెనైన్ డిస్టెంపర్ వైరస్ బయటపడింది. 1994లో ఆఫ్రికాలో సెరెంగెటి సింహాల్లో మూడో వంతు ఆ జబ్బుతోనే పోయాయి. పేరులోనే ఉంది, అది కుక్కల జబ్బు. గేటు దగ్గరున్న ఆ గార్డుతో వాదించకండి.

ఇక పాము. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు ఇంజెక్షన్ మనుషులకి వేసేదే కుక్కకీ వేస్తారు. ఇంకో మందు లేదు. గాటు పెట్టొద్దు, తాడు బిగించొద్దు, నడిపించొద్దు. నడిస్తే విషం తొందరగా ఎక్కుతుంది. మోసుకెళ్లాలి. బయల్దేరే ముందే ఫోన్ చేసి ఏ ఆసుపత్రిలో మందుందో కనుక్కోవాలి, ఎందుకంటే అన్ని చోట్లా ఉండదు.

మొయ్యడం అన్నాను కదా. మన ఏజెన్సీ కొండల్లో ఇప్పటికీ కొన్ని ఊళ్లనుంచి నెలలు నిండిన ఆడవాళ్లని కర్రకి దుప్పటి కట్టి, డోలీలో రోడ్డు దాకా మోసుకొస్తారు. పేపర్లో ఫొటోలు చూస్తూనే ఉంటాం. మనుషులకే దారి లేని చోట నా కుక్కకి పశువుల డాక్టరు దొరకాలని ఆశించే హక్కు నాకు లేదనిపిస్తుంది. అందుకే ఆ ఏర్పాటు నేనే చేసుకుపోతాను. నా సంచిలో ఒక గట్టి దుప్పటి, రెండు వైపులా కుట్టించిన పట్టెడలు ఉంటాయి. డోలీ చూసి నేర్చుకున్నదే. ఇద్దరు మనుషులు 32 కిలోల కుక్కని దాంట్లో మొయ్యగలరా అని ఇంట్లోనే మేడ మెట్లు దింపి చూశాం. మా అమ్మాయి నవ్వి చచ్చింది. కానీ మొయ్యలేని కుక్కని మొయ్యలేనంత దూరం తీసుకెళ్లకూడదని ఆ మెట్ల మీదే తెలిసింది.

ఇంటికొచ్చాక పని అయిపోలేదు. చెవుల లోపల, కాలివేళ్ల మధ్య, తోక కింద వెతకండి. పిడుదులు, మా వైపు గోమార్లంటారు. పశువులు మేసే ప్రతి కొండ మీదా ఉంటాయి. కిరోసిన్ పొయ్యకండి, అగ్గిపుల్ల చూపించకండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగండి. ఒకటి రెండు మూడు వారాల తరవాత కుక్క తిండి మానేసి, నీరసంగా, ముక్కులోంచి రక్తం వస్తే టిక్ ఫీవర్ అని అనుమానించి రక్త పరీక్ష చేయించాలి. అప్పటికి మనం కొండ సంగతి మర్చిపోయి ఉంటాం, డాక్టరుకి చెప్పం. చెప్పండి. వేళ్ల మధ్య పల్లేరు ముళ్లు, వంజంగి లాంటి చోట్ల అయితే సీసా పెంకులు కూడా చూడండి. తెల్లారి మేఘాలు చూడ్డానికొచ్చిన జనం ఏం వదిలిపోతారో మీకు తెలుసు.

నేను చెప్పాల్సింది అంతేనండి. అడగండి.

(ప్రశ్న: మాది పగ్. ఎంత ఎత్తు దాకా తీసుకెళ్లొచ్చు?)

మీ మేడ మీది దాకా. (నవ్వులు) ఏమీ అనుకోకండి. చప్పిడి ముక్కు కుక్కలకి మామూలుగా ఊపిరి పీల్చడమే కష్టం. రొప్పితేనే చల్లబడే ప్రాణికి రొప్పడానికే దారి ఇరుకైతే ఎలా? దాన్ని బీచ్‌కి తీసుకెళ్లండి, సూర్యోదయానికి.

(ప్రశ్న: నాటు కుక్కలకి ఇవన్నీ అక్కర్లేదంటారు?)

వేడికి కొంచెం తట్టుకుంటాయి, నిజమే. చిట్టి బ్రూనో కంటే బాగా దిగుతుంది. కానీ పిడుదుకి, పాముకి జాతి తెలియదు కదండీ. ఇంకోటి, ఏడాది ఏడాదిన్నర నిండని కుక్కపిల్ల ఏ జాతిదైనా పెద్ద కొండ ఎక్కించకండి, ఎముకలు ముదరవు.

(ప్రశ్న: హిమాలయాల్లో ట్రెక్‌కి వెళితే అక్కడి కుక్క ఒకటి మూడు రోజులు మా వెంటే వచ్చింది. అదేం తప్పు కాదు కదా?)

అది వచ్చిందా, మీరు బిస్కెట్ పెట్టారా? (నవ్వులు) నేనూ పెట్టాను, అందుకే అడుగుతున్నా. దాని ఊరు కింద ఉంది. మీరు కనుమ దాటి అవతలి వైపు దిగి బస్సెక్కేస్తారు. అది కొత్త ఊరి కుక్కల మధ్య ఒంటరిగా ఉండిపోతుంది. మొదటి రోజు సాయంత్రమే కిందికి దిగే గుర్రాలవాళ్లతో పంపించేయండి. ఫొటో తీసుకోండి, బిస్కెట్ పెట్టకండి.

(ప్రశ్న: బ్రూనో ఇంకా కొండలెక్కుతున్నాడా?)

లేదండీ. వాడికిప్పుడు పదకొండేళ్లు, తుంట్లు పట్టేశాయి. పొద్దున్న వీధి చివరిదాకా వెళ్లి వస్తాం. కాకపోతే ఒక చిక్కుంది. నేను నడక బూట్లు బీరువాలోంచి తీస్తే చాలు, ఆ చప్పుడుకి లేచి, కుంటుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడతాడు. అందుకని ఇప్పుడు బూట్లు కారు డిక్కీలోనే పెడుతున్నాను. ఇంట్లోంచి కూరగాయలకి వెళ్లేవాడిలా హవాయి చెప్పులేసుకుని బయటికొస్తాను. చిట్టిని మా ఆవిడ వెనక గేటు నుంచి తీసుకొస్తుంది.